చలనచిత్రములయందుఁ బరుల యాస

అభినయము నాలుగు విధములని భరతమతము. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నను నీ నాలుగింటిలో నాహార్యము కొనితేఁదగినది, ఆంగికము శిక్షచే నలవడునది, సాత్త్వికము హృదయగతము. వాచికము మాత్రము వింత స్వభావము గలది. నటుఁడు కిరీటము దాల్చినంతనే రాజుగాఁ దోఁచును గాని, పరదేశీయునివలె నోరు తెఱచినంతనే పరదేశీయుఁడుగాఁ దోఁపఁడు. వేషమును జూచు కన్నుకంటెఁ బలుకును విను చెవి మిక్కిలి సూక్ష్మమైనది. పుట్టినది మొదలు తన యింటి పలుకును విని పెరిగిన చెవి రవ్వంత భేదమునైనను బసిగట్టఁగలదు. ఆ భేదమునే లోకమున 'యాస' యందురు. వర్ణముల స్థానప్రయత్నములందలి భేదము, అచ్చుల నిడివి, వాక్యాంతమునఁ గంఠము లేచుట పడుట, ప్రత్యయముల రూపభేదము - ఇవి యన్నియుఁ గలసిన సముదాయమునకు యాస యని పేరు.

చలనచిత్రములలో నొక సీమవాఁడు వేఱొక సీమవానివలెను, ఒక దేశమువాఁడు వేఱొక దేశమువానివలెను బలుకుట నేఁడు సర్వసాధారణము. ప్రేక్షకులు కొందఱి యనుకరణమును మెచ్చుకొందురు. కొందఱిది విని నవ్వుదురు. కొందఱిది విని కోపింతురు. ఈ మూఁడు ఫలములకు మూలమగు తీర్పు ఒక్కటి గాదు, రెండు. మొదటిది సాధుత్వమును గూర్చినది: ఈ నటుఁ డా పలుకును సరిగాఁ బలికెనా? రెండవది యౌచిత్యమును గూర్చినది: ఆ పలుకును బలుకుటకు నీ పాత్రమునే యేల యెన్నుకొనిరి? ఈ రెండును వేఱని గుర్తింపకపోవుటచేతనే యీ విషయమునఁ జర్చలు తెగక సాగుచున్నవి. సాధువైన యనుకరణమును మెచ్చినవాఁడే యా పాత్రకల్పనమునకు నొచ్చుకొనవచ్చును. అందు విరోధ మేమియు లేదు.

ఈ విచారము క్రొత్తది కాదు. మహాభాష్యకారుఁడు వ్యాకరణాధ్యయన ప్రయోజనములను జెప్పుచు నసురుల కథ నొకదానిఁ బేర్కొనెను. శత్రువులను సంబోధింపవలసినచోట రేఫమునకు మాఱుగా లకారమును బలికి వారు పరాభవము నొందిరని యా కథ. రేఫమునకు లకారము వచ్చుట మాగధీప్రాకృతమునకు లక్షణమని ప్రాకృతవైయాకరణులు చెప్పుదురు. కావున నసురుల దోషముగాఁ జెప్పఁబడినది తూర్పుదేశమువారి యాసయే కావచ్చును. ఎట్లయినను బరుల యాసను దోషముగా నెన్నుట, ఆ దోషమునకుఁ బరాజయమును ఫలముగాఁ గట్టుట మిక్కిలి ప్రాచీనమైన యలవాటని యీ కథవలనఁ దెలియుచున్నది.

నాట్యశాస్త్రమున భాషావిధానమును జెప్పుచు భరతుఁడు మాగధి, అవంతిజ, ప్రాచ్య, శౌరసేని, అర్ధమాగధి, బాహ్లీక, దాక్షిణాత్య యని సప్తభాషలను, శకారాభీరచండాలాదుల విభాషలను బేర్కొని, యే పాత్రమున కేది తగునో నియమించెను. నాయికకును సఖులకును శౌరసేని, విదూషకునకుఁ బ్రాచ్య, ధూర్తులకు నవంతిజ, అంతఃపుర రక్షకులకు మాగధి. అవంతిదేశమున సజ్జనులు లేకపోలేదు. అయినను రంగస్థలమున నా పలుకు ధూర్తులపాలయ్యెను. ఆ ప్రకరణముననే తెలుఁగువారు విశేషముగాఁ జదువఁదగిన నియమ మొకటి కలదు. బర్బర, కిరాత, ఆంధ్ర, ద్రమిడాది జాతుల పాత్రములకు వారివారి భాషలను బ్రయోగింపరాదనియు, శౌరసేని నుంచవలెననియు నాతని విధి. అనఁగా రంగమున నాంధ్రుఁడు కనఁబడవచ్చును గాని యాంధ్రుని పలుకు వినఁబడరాదు. యాసవలని యవమానమును విచారించునపుడు తెలుఁగువారు మఱవరాని సంగతి యిది. ఒకనాఁడు వారే పరులు.

శూద్రకుని మృచ్ఛకటికమున నీ విద్య పరాకాష్ఠ నందినది. రాజశ్యాలకుఁడైన సంస్థానకుఁడు సకారమునకు మాఱుగా శకారమునే పలుకును. అందుచే వానికి శకారుఁడనియే పేరు వచ్చెను. ఒక్క వర్ణముచే మనుష్యుని సంపూర్ణముగాఁ జిత్రించుట కింతకంటె నుదాహరణము లేదు. ఆ నాటకముననే చందనకుఁడను రక్షకభటుఁ డొకఁడు గలఁడు. బండిలో దాగిన యార్యకునిఁ జూచి కాపాడఁదలఁచి, బయటికి వచ్చి చెప్పునపుడు తొందరలోఁ బురుషవాచకమును బలికి, వెంటనే దిద్దుకొని స్త్రీవాచకమును బలికెను. తోడి భటుఁడు శంకింపఁగాఁ జందనకుఁడు తాను దాక్షిణాత్యుఁడ ననియు, దక్షిణాదివారి పలుకు అస్పష్టముగా నుండుననియు, బహుదేశభాషలు తెలిసినవారికి లింగభేద మంతగాఁ బట్టదనియు సాకు చెప్పెను. పరుల యాసకుఁ దప్పులుండుట సహజమని లోకము నమ్మును గనుకనే యా సాకు చెల్లుబాటు కాఁదగినదయ్యెను. యాసచే మనుష్యుఁడు చిక్కులఁ బడుటయే గాక, చిక్కులనుండి తప్పించుకొనుటయుఁ గలదని శూద్రకుఁడు చూపెను.

ఇంతలో నొక మార్పు కలిగెను. ప్రాకృతములు జనవ్యవహారమునుండి తొలఁగిన పిమ్మట నాటకకర్తలు వానిని జెవితో విని వ్రాయుట మాని, వరరుచి ప్రాకృతప్రకాశమువంటి లక్షణగ్రంథములను జూచి వ్రాయసాగిరి. మాగధి కావలసినచో సంస్కృతవాక్యమును ముందు వ్రాసి, సూత్రముచొప్పున రేఫలను లకారములుగను, సకారములను శకారములుగను మార్చిన సరిపోయెను. అది మగధలో నెవ్వరును బలుకని మాగధి. అయినను సభాసదులు దానినే మాగధిగా నంగీకరించిరి. ఏలయనఁగా వారును మగధలోని పలుకును వినలేదు, పూర్వనాటకములలోని పలుకునే వినిరి. యోగముకంటె రూఢి బలీయమను శాస్త్రన్యాయ మిచ్చటను వర్తించును. చలనచిత్రములయందలి యాసలకును నిదియే గతి యని ముందు తేలఁగలదు.

తెలుఁగు నాటకమున నీ ప్రశ్నను ముఖాముఖిగా నెదుర్కొన్నవారు వేదము వేంకటరాయశాస్త్రిగారు. గ్రాంథికభాషాపక్షమున దృఢముగా నిలిచిన యా మహాపండితుఁడే 1897లోఁ బ్రతాపరుద్రీయ నాటకమును వెలువరించి, యందుఁ బామరపాత్రములకుఁ బామరభాషనే పెట్టెను. సంస్కృతనాటకములందలి ప్రాకృతమునకు స్థానాపన్నముగాఁ దెలుఁగునఁ బాత్రోచితభాష యుండవలెనని వారి వాదము. ఆ సంవత్సరముననే గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ప్రథమముద్రణము వెలువడెను. 1909లో నది పెంపొందిన రూపమును దాల్చెను. ఒకరిది శాస్త్రమార్గము, ఒకరిది వ్యవహారమార్గము. అయినను బాత్రము నోట బాత్రపు పలుకే యుండవలెనను నంశమున నిరువురును నేకీభవించిరి.

వాక్చిత్రము వచ్చిన పిదప నీ లాభము కొంతకాలము మఱుగుపడినది. 1932లో విడుదలయైన భక్తప్రహ్లాద మొదలుకొని తొలినాళ్ల తెలుఁగు చిత్రములు పౌరాణికములు. దేవదానవమానవు లందఱును నాటకరంగపు గ్రాంథికమునే పలికిరి. అందఱిదియు నొక్కటే పలుకగుటచే యాస యను మాటకే చోటులేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి మాలపిల్లయందుఁ దాపీ ధర్మారావుగారు వ్యావహారిక సంభాషణములను వ్రాసిరి. వ్యావహారికము ప్రవేశించినంతనే, ఏ సీమ వ్యావహారికమను ప్రశ్నయుఁ బ్రవేశించినది. చిత్రనిర్మాణము మదరాసున సాగినన్నాళ్లును రచయితలలోను, నటులలోను గృష్ణాగోదావరీ మండలములవారు పెక్కండ్రగుటచే నా ప్రాంతపుఁ బలుకే తెఱమీఁద సామాన్యభాషయై నిలిచెను. తక్కినవి యాసలైనవి.

ముందుగా విదేశీయుని యాసను విచారింపవలెను. తెలుఁగు రంగస్థలమునను, తెఱమీఁదను దొరవేషము వేసినవాఁడు తకార దకారముల నెల్ల టకార డకారములుగాఁ బలుకుట పరిపాటి. దీనికి శాస్త్రీయమైన మూలము లేకపోలేదు. తెలుఁగునఁ దవర్గము దంత్యము, టవర్గము మూర్ధన్యము. ఆంగ్లమున నీ రెండింటికి నడుమ, జిహ్వాగ్రము పైపంటి చిగురును దాఁకఁగాఁ బుట్టు వర్ణము లున్నవి. వానిని దంతమూలీయములనవచ్చును, ఈ పేరు ప్రాతిశాఖ్యలలోఁ గలదు. తెలుఁగు చెవి కీ నడిమి స్థానము పరిచితము గాదు గనుక దానిని మూర్ధన్యమునకుఁ జేర్చుకొనును. కావుననే టేబులు, డాక్టరు మొదలగు నెరవుమాటలయందు మూర్ధన్యము వచ్చెను. ఆంగ్లేయుఁడు 'తల' యనఁబూనినపుడు చిగురుపైఁ బుట్టిన వర్ణమును విని తెలుఁగువాఁడు దానిని 'టల' యనుకొనును.

ఇంతవఱకు శాస్త్రము. కాని యాంగ్లేయుని తెలుఁగునకు నిజమైన లక్షణము లింకను బెక్కులున్నవి. పదాదియందుఁ గకార పకారములకు నూపిరి చేరి మహాప్రాణచ్ఛాయ కలుగును. ఏకార ఓకారముల చివర మఱియొక యచ్చు జాఱును. అమ్మ, అక్క మొదలగువానిలోని ద్విత్వము సడలును. లకార ళకారములకు భేదము పోవును. అన్నిటికంటెఁ గష్టమైనవి దంత్య చకార జకారములు. 'చలి', 'జాతర' యను మాటలలోని తొలివర్ణములు 'చిలుక', 'జిగి' యను మాటలలోని తాలవ్యములకంటె భిన్నములని 1858 నాఁటి బాలవ్యాకరణమున విభాగము చేయఁబడినది. తెలుఁగునేల వెలుపలఁ బుట్టినవారిలో ననేకు లిచ్చటనే పట్టుపడుదురు. అట్లుండియు దొరవేషధారులు వీనిలో నొక్కదానినైనను బట్టించుకొనరు. టకార డకారములను, చందనకుని సాకును దలఁపించు లింగవ్యత్యయమును మాత్రము గ్రహించి తృప్తులగుదురు. ప్రేక్షకులును దృప్తులగుదురు. ఇది ప్రాకృతప్రకాశముఁ జూచి వ్రాసిన మాగధివంటిది. బ్రౌనుదొరవంటి తెలుఁగు నేర్చిన యాంగ్లేయుఁడే వచ్చి తెఱమీఁదఁ దిన్నగాఁ బలికినచో, అది దొరపలుకు కాదని ప్రేక్షకులు నిరాకరింపవచ్చును.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు రెండు మార్గములు గలవు. యాసను బూర్తిగా విడుచుట యొకటి. ఆ దేశీయులనే తెచ్చుకొనుట మఱియొకటి. 1974 నాఁటి అల్లూరి సీతారామరాజు చిత్రమున రూథర్‌ఫర్డు పాత్రమును ధరించినవారు కొంగర జగ్గయ్యగారు. ఢిల్లీ ఆకాశవాణియందుఁ దెలుఁగు వార్తలు చదివి, కంఠగాంభీర్యమునకుఁ బేరొందిన యాయన తెలుఁగువాఁడని యెఱుఁగని ప్రేక్షకుఁడు లేఁడు; అయినను బాత్రముయొక్క హుందాతనముచే నా లోపము మఱుగుపడినది. రెండవ మార్గమునకు 2022 నాఁటి ఆర్.ఆర్.ఆర్. చిత్ర ముదాహరణము. అందుఁ బ్రధానమైన యాంగ్లపాత్రములకుఁ దెల్లవారినే తెచ్చిరి. అయితే గవర్నరు స్కాటుగా నటించిన రే స్టీవెన్సను ఉత్తర ఐర్లండునను, అతని భార్యగా నటించిన అలిసన్ డూడీ డబ్లినునను బుట్టినవారు. ఆంగ్లప్రభుత్వమును జిరకాలము ప్రతిఘటించిన ద్వీపమునఁ బుట్టినవారే యిచ్చట నాంగ్లప్రభువులైరి. వారి పలుకు లండనుదా, ఐర్లండుదా యని తెలుఁగుశ్రోతలలో విచారించినవా రరుదు. చెవికిఁ బరిచయము లేనిచోట సాధుత్వప్రశ్నయే పుట్టదని దీనివలనఁ దేలుచున్నది.

పరిచయమున్నచోట నాగ్రహము దశాబ్దములు నిలుచును. 1964 నాఁటి మేరీ పాపిన్స్ చిత్రమున నమెరికా నటుఁడు డిక్ వాన్ డైక్ లండను శ్రామికుల కాక్నీ యాసను బలుకఁబూనెను. చిత్రము జగత్ప్రసిద్ధ మయ్యెను గాని యా యాసను బ్రిటిషువారు మఱవలేదు. 2017లో బ్రిటిషు చలనచిత్రసంస్థ తన్ను గౌరవించినపుడు అతఁడు హాస్యధోరణిలో క్షమాపణము చెప్పుకొనెను. దీనికిఁ బ్రతిగా 1982 నాఁటి గాంధీ చిత్రముఁ జూడవలెను. యార్క్‌షైరునఁ బుట్టి, పితృవంశముచే గుజరాతుతో సంబంధముగల బెన్ కింగ్‌స్లీ గాంధిమహాత్ముని యాంగ్లమును బలికి యాస్కారు బహుమానము నందెను. ఆ చిత్రమే తెలుఁగునకు వచ్చినపు డా పాత్రమునకు గళమిచ్చినవారు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు. అప్పుడు కింగ్‌స్లీ కష్టించి సాధించిన యాస సమస్తమును దొలఁగిపోయి, మహాత్ముఁడు స్వచ్ఛమైన తెలుఁగును బలికెను. తెలుఁగు ప్రేక్షకులకు లోప మేమియుఁ దోఁపలేదు. మొదటిదానిలో లోపించినదియు, రెండవదానిలో నిండుగా నున్నదియు వర్ణశుద్ధి మాత్రమే కాదు, పాత్రగౌరవము.

ఇఁక స్వదేశపు యాసల సంగతి. దీనికి మల్కాజిగిరి, ఉప్పలు, నాచారము ప్రాంతము చక్కని పరీక్షాస్థానము. మదరాసునుండి తెలుఁగు చిత్రపరిశ్రమ హైదరాబాదునకుఁ దరలిన కాలమున నందమూరి తారకరామారావుగారు నాచారమున రామకృష్ణా స్టూడియోను 1976లో నెలకొల్పిరి. కృష్ణాతీరమున నిమ్మకూరునఁ బుట్టి, పౌరాణికవాచికమునకుఁ బ్రతీకయైన నటుని స్టూడియో తెలంగాణపుఁ బలుకు నడుమ వెలసినది. ఆ చుట్టుపట్లనే మల్కాజిగిరి రైలుకూడలి, ఉప్పలు నాచారముల పారిశ్రామికవాడలు, ఉప్పలు రోడ్డు వెంబడి భూభౌతిక, కణజీవశాస్త్ర పరిశోధనాలయములు, 1967లో నేర్పడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, 1971లో నేర్పడిన అణు ఇంధన సముదాయము నున్నవి. వీనియందలి యుద్యోగములకై సర్కారులనుండియు, రాయలసీమనుండియు, తమిళ మహారాష్ట్ర ప్రాంతములనుండియు జనులు వచ్చి స్థిరపడిరి. వరంగల్లు, నల్లగొండ దారులవెంట వచ్చినవారు సరేసరి. 2019 నాఁటికి మల్కాజిగిరి లోకసభా నియోజకవర్గమున నోటర్లు ముప్పది లక్షలను మించి, సంఖ్యచే దేశమున కెల్లఁ బెద్దదిగా నుండెను. ఇట్టిచోట సినిమాశాలలో నొక్క వరుసను గూర్చున్నవారిలో నొకఁడు 'వచ్చాడు' అనువాఁడు, ఒకఁడు 'వచ్చిండు' అనువాఁడు, ఒకఁడు 'వచ్చినాడు' అనువాఁడు. తెఱమీఁది యాస వీరిలో నొకనికి నద్దము, ఇరుగుపొరుగువానికి వినోదము, దూరదేశమునుండి వచ్చినవానికి సంకేతమాత్రము.

ఈ క్రియారూపములను వైయాకరణదృష్టితోఁ జూచినచో విశేష మొకటి కనఁబడును. మూఁడింటికిని మూలము 'వచ్చినాఁడు' అను రూపమే. సర్కారులలో నకారము పోయి, మిగిలిన యచ్చు ఆకారమునకును నేకారమునకును నడిమిదై, లిపిలో వ్రాయుటకు వీలుగాని ధ్వనిగా మాఱినది. రాయలసీమలో రూపము నిండుగా నిలిచినది. తెలంగాణమున అచ్చు కుఱుచయై లోపించినను ననునాసికధ్వని సున్నరూపమున నిలిచినది. అట్లే 'ఉన్నది' యను నిండురూపము తెలంగాణమున వాడుకయందుండఁగా సర్కారులవారు 'ఉంది' యందురు. 'చేసిన' యనుచోఁ దెలంగాణమున సకారము నిలువఁగా, 'చేశాను' అనుచో నది తాలవ్యమైనది. కావ్యభాషకు సమీపమైన రూపములు తెఱమీఁద హాస్యాస్పదము లగుటయు, దానికి దూరమైన రూపములు శిష్టసమ్మతము లగుటయు వింత. రూపమునం దేమియు హాస్యము లేదు; దానిని బలికించిన పాత్రమునందు హాస్యము గలదు. వినువారు పాత్రమునందలి గుణమును రూపమునం దారోపించిరి.

ఈ యారోపమునకు బలమైన యుదాహరణము 1985 నాఁటి ప్రతిఘటన. టి. కృష్ణగారి దర్శకత్వమున వచ్చిన యా చిత్రములో రాజకీయదుర్జనుఁడగు కాశయ్యగాఁ గోట శ్రీనివాసరావుగారు తెలంగాణపు యాసను బలికిరి. ఆయన కృష్ణామండలమునఁ గంకిపాడునఁ బుట్టినవారు. పూర్వము స్టేటు బ్యాంకునందు నుద్యోగించినవారు. ప్రత్యయములు మాత్రమే కాక మాటల నడుమ విరామము, వాక్యాంతపు సాఁగుడు, ఎత్తిపొడుపులోని తూఁగు నాయన పట్టుకొనిరి. సాధుత్వపరీక్షలో నది గెలిచినది. ఆ పాత్రముతో నాయన ఖ్యాతియు స్థిరపడినది. ఆయన 2025 జూలైలో నిర్యాణము చెందువఱకు నాతని వాచికమును దలఁచినవా రీ పాత్రముఁ దలఁపక మానలేదు. కాని గెలుపునకు వెల యుండెను. ఆ పలుకు జయప్రదమైనకొలఁది దుర్జనునకును, రౌడీకిని, ఇంటిపనివానికిని నా పలుకే తగునను రూఢి బలపడినది. నాయకుఁడును నాయికయు సర్కారులపలుకునే పలుకుదురు. వారికి యాస లేదు. అవంతివారి పలుకు ధూర్తులపాలైనట్లే తెలంగాణమువారి పలుకును నీచపాత్రముల పాలయ్యెను.

ఈ కారణముచేతనే తెలంగాణోద్యమకాలమున చలనచిత్రములలోఁ దమ పలుకునకుఁ గలిగిన యవమానము ముఖ్యమైన మనోవేదనగాఁ బేర్కొనఁబడెను. బడిలోను, కార్యాలయములోను దన యింటిమాటను బలికిన బాలుఁడు తెఱమీఁది విదూషకుని జ్ఞప్తికిఁ దెచ్చుటయు, తోడివారు నవ్వుటయు, వాఁడు క్రమముగా రెండు పలుకులవాఁడై యింట నొకటియు బయట నొకటియు మాటాడుటయు నా వేదనకు మూలము. నటుని ప్రతిభ దీనికిఁ బరిహారము గాదు. అనుకరణ మెంత సాధువైన నంత లోతుగా గాయపడును. పక్షపాతము లేక చెప్పవలసినచో నిట్టి గతి యొక్క తెలంగాణమునకే పట్టలేదు. 1999 నాఁటి సమరసింహారెడ్డి మొదలుకొని కొంతకాలము రాయలసీమపలుకు కత్తులకును బాంబులకును బర్యాయమైనది. ఆ సీమలోనే పుట్టి యా పలుకును సహజముగాఁ బలికిన జయప్రకాశరెడ్డిగారి సాధుత్వమును శంకించినవారు లేరు. అయినను సీమవారి నొప్పి తీఱలేదు. సొంతయాసయైనను బాత్రము దుష్టమే యైనపుడు రెండవ తీర్పు తప్పదు. శ్రీకాకుళపు 'ఏటి', 'నాను' అను మాటలు అమాయకులకును, గోదావరిసీమ 'ఆయ్' అను పలుకు వెటకారమునకును గుఱుతులైనవి.

మాతృభాషయే వేఱైనవారు తెలుఁగు సీమల యాసలను సాధించుటయుఁ గలదు. మరాఠీ మాతృభాషగాఁ గల శకుంతలగారు తెలంగాణపుఁ బలుకుచే 'తెలంగాణ శకుంతల' యని పిలువఁబడిరి. 2003 నాఁటి ఒక్కడు చిత్రమున రాయలసీమ పలుకును సైతము పలికిరి. అంతకంటె విచారణీయమైనది 2017లో శేఖర్ కమ్ముల దర్శకత్వమున వచ్చిన ఫిదా. బాన్సువాడ పిల్ల భానుమతిగా నటించిన సాయిపల్లవి నీలగిరులలోని బడగ కుటుంబమునఁ బుట్టినది; అది యామెకు మొదటి తెలుఁగు చిత్రము; గళమును సొంతమే. పుట్టుకచే నామెకంటె దూరస్థురా లుండదు. అయినను దెలంగాణ ప్రేక్షకులు భానుమతిని దమ యింటిపిల్లగా నంగీకరించిరి.

దీనికిఁ గారణము రెండు తీర్పులును నేకమగుట. వర్ణములఁ బరీక్షించువానికి నచ్చటచ్చట నెరవుతనము వినఁబడవచ్చును గాని స్వరములోని తూఁగు నిలిచినది. చెవి మొదట వినునది వర్ణమును గాదు, తూఁగును. అంతకంటె ముఖ్యమైన దేమనఁగా నా పలుకు కథానాయికకు దక్కినది. ఆమె తండ్రి, అక్క, ఊరివారు నదే పలుకువారు. అమెరికానుండి వచ్చిన నాయకుఁడే యచ్చటఁ బరుఁడు. అందఱును నొకే పలుకు పలుకునపు డది యాస గాదు, భాష. యాస యనునది వర్ణములందుఁ గాక పోలికయందుఁ బుట్టునది. పోల్చుటకు నెదుట మఱియొక పలుకును శిష్టముగా నిలిపినప్పుడే యిది యాస యగును. 2023 మార్చిలో వచ్చిన బలగము దీనికి మఱియొక ప్రమాణము. సిరిసిల్ల ప్రాంతమువాఁడైన వేణు యెల్దండి తన నేలపలుకుతోనే చావింటి కథను జెప్పెను. ఆ పలుకును విని యేడ్చినవారిలో నది తమది గానివా రనేకులు. తాటకు పలుకు చెందినచో దుఃఖమునకు యాస యడ్డుపడదు. ఆ మాసమున వచ్చిన దసరా చిత్రమున నాని, కీర్తి సురేశు అనువారు బొగ్గుగనులసీమ పలుకును, 2021 నాఁటి పుష్పయందు అల్లు అర్జును చిత్తూరుసీమ పలుకును గథానాయకత్వముతో జోడించిరి; చివర పేర్కొన్న పాత్రమునకు జాతీయోత్తమనట పురస్కారము లభించెను.

కావున శ్రోతలు మూఁడు తెఱఁగులని గ్రహింపవలెను. తన పలుకును విను స్వజనుఁడు మొదటివాఁడు. వానికి సాధుత్వమును దెలియును, అవమానమును దగులును. పొరుగుసీమవాఁడు రెండవవాఁడు, వానికి సాధుత్వము సగము తెలియును, అవమానము తగులదు. వినోద మెక్కువగాఁ బొందువాఁడు వీఁడే. చలనచిత్రములలోని యాసలు పెక్కులు వీనికొఱకే కల్పింపఁబడినవి. దూరస్థుఁడు మూఁడవవాఁడు, వానికి రూఢియే ప్రమాణము. ఒక యనుకరణము బాగున్నదా యని యడుగుటకు ముందు, ఎవరి చెవికి బాగున్నదని యడుగవలెను. మల్కాజిగిరి సినిమాశాలలో నీ మువ్వురును నొక్కచోటఁ గూర్చుందురు. ఒకే మాటకు నొకఁడు నవ్వఁగా నొకఁడు మౌనము వహించును. ఆ మౌనమును నటులును రచయితలును వినుట నేర్వవలెను.

నేఁడు మఱియొక విచిత్రము సంభవించినది. 2024 నాఁటి ది బ్రూటలిస్టు చిత్రమున ఏడ్రియన్ బ్రోడీ, ఫెలిసిటీ జోన్సు పలికిన హంగేరీభాషా సంభాషణములందలి కొన్ని ధ్వనులను గృత్రిమమేధచే దిద్దిరని 2025 ఆరంభమున వెల్లడియై వివాదము పుట్టెను. హంగేరీవారి చెవికి సైతము తప్పు తోఁపకుండుటయే యుద్దేశమని చిత్రకర్తలు సమాధానము చెప్పిరి. నటుని జిహ్వ తప్పినచో యంత్రము దిద్దునేని, ఇఁకమీఁద సాధుత్వము సులభముగా విలువకు లభించును. కిరీటమువలెఁ బలుకును గొనితేఁదగినదియై యాహార్యమునఁ జేరును. కాని యంత్రము దంత్యమును దంత్యముగను, మూర్ధన్యమును మూర్ధన్యముగను నిలుపఁగలదు గాని, యా పలుకును నాయకున కిచ్చిరా, నవ్వులపాలు చేయఁదలఁచిన వాని కిచ్చిరా యను ప్రశ్నకు సమాధానము చెప్పఁజాలదు. అది యెప్పటికిని రచయిత చేతిలోనిదే.

శిక్షాశాస్త్రము వర్ణమునకు స్థానమును జెప్పినది; నాట్యశాస్త్రము పలుకునకుఁ బాత్రమును జెప్పినది. మొదటిదానిలోఁ దప్పినవానిని లోకము నవ్వి మఱచును. రెండవదానిలోఁ దప్పినవానిని మఱవదు. ఒకప్పుడు రంగస్థలమునఁ దమ పలుకున కనుజ్ఞయే లేని యాంధ్రులు నేఁడు తమలోఁ దా మొకరి పలుకు నొకరు తక్కువ చేయుట తగదని విజ్ఞులు గ్రహింతురు గాక.